చచ్చిన సెల్లుల నక్షత్రం

ఊళ్ళో చిన్నవ్వ అనే పేరుగలవాళ్ళు ముగ్గురుండేవారు. అందుకని ఈమెను సెల్లుల చిన్నవ్వ అనేవారు.

టార్చిలైటులో సెల్లులు అయిపోతే ఆ ఊళ్ళో ఎవరూ పారేసేవారు కాదు. గూట్లో పెట్టి ఉంచేవారు. దీపావళి వెళ్ళిన వారానికి చిన్నవ్వ గంప తీసుకుని ఇల్లిల్లూ తిరిగేది.

"సచ్చిన సెల్లులున్నయా అక్కా?"

"ఉన్నయ్. బతికిచ్చి మల్ల మాకే ఇయ్యరాదు?" అని లసుమవ్వ మేలమాడేది.

"బతికినయి దేవునికి. సచ్చినయి మీకు."

ఊరు కొడిమ్యాల అవతల, అడవి అంచున ఉంది. క్రైస్తవ కుటుంబాలు పదకొండు. వాళ్ళ గుడి మట్టిగోడల మీద రేకులు కప్పిన ఒక్క గది. కరెంటు లేదు. జగిత్యాలలోని పెద్ద గుడికి రంగు కాగితాలు, గాజు బుడ్లు దుకాణం నుంచి వస్తాయి. ఇక్కడి గుడికి పండుగ సింగారమంతా చిన్నవ్వ చేతి నుంచి రావలసిందే. ఆమె బీడీలు చుట్టేది. కట్టల మీద అంటించే గులాబిరంగు లేబుళ్ళలో చినిగినవి, అచ్చు సరిగా పడనివి తెచ్చుకుని, ఒకదానిలో ఒకటి గొలుసుగా అతికించేది. అది గది ఈ మూల నుంచి ఆ మూలకు తోరణమయ్యేది. సిగరెట్ పెట్టెల్లోని వెండి కాగితాన్ని గోటితో సాపు చేసి పూలు కత్తిరించేది. కొడుకు బక్కయ్య సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేసేవాడు. మగ్గాల కింద పడిన తెగిన రంగు పోగులు అతను తెస్తే వాటితో కుచ్చులు కట్టేది. జొన్నపిండి ఉడికించి జిగురు చేసేది. ఎలుకలు కొరకకుండా అందులో చిటికెడు మైలుతుత్తం కలిపేది. కొనేది ఆ మైలుతుత్తం, కాసింత ఉప్పు. అంతే.

నక్షత్రం మాత్రం ఆమె పెనిమిటి సామేలు పని. అతను కోరుట్లలో మోటార్లకు తీగ చుట్టే దుకాణంలో రెండేళ్ళు చేశాడు. మొదటి ఏడు వెదురు బద్దలతో నక్షత్రం కట్టి, కాగితం అంటించి, లోపల నూనె దీపం పెట్టాడు. పాటలు ముగియకముందే అది భగ్గుమంది. మరుసటి ఏటి నుంచి సెల్లులు మొదలుపెట్టాడు. మంచివైతే రెండు చాలు, చచ్చినవైతే ఐదు కావాలి. మేకుతో సెల్లు తల దగ్గర బెజ్జం చేసి, చిక్కటి ఉప్పునీళ్ళు పోసి, మైనంతో మూసి, ఎండలో పెట్టాలి. నిలువునా చీల్చిన వెదురు బొంగులో వరుసగా పేర్చి, సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి, రెండు కొసల నుంచి రాగి తీగ లాగి చిన్న బల్బుకు కలపాలి. సెల్లులో ప్రాణముందో లేదో నాలుకే చెబుతుంది. అడుగుకు తీగ ఆనించి, ఆ తీగ కొసను, సెల్లు తలను కలిపి నాలుకకు తాకిస్తే పుల్లగా, చుర్రుమని అంటుంది. అనకపోతే అది నిజంగా చచ్చినట్టే.

సామేలు పోయి ఆరేళ్ళయింది. నక్షత్రం ఒక్క ఏడూ ఆగలేదు.

ఆ ఏడు డిసెంబరు మొదటి వారంలో, అడవి రోడ్డు మీద, కల్వర్టు దాటుతున్న పోలీసుల జీపు కింద మందుపాతర పేలింది. ఎంతమంది పోయారో ఊళ్ళో పైకి మాట్లాడినవాళ్ళు లేరు. మూడో రోజుకు బడిలో పోలీసు క్యాంపు దిగింది. పిల్లలకు సెలవులిచ్చారు. బడి గేటు దగ్గర ఇసుక బస్తాలు పేర్చారు.

చిన్నవ్వ ఉప్పు కోసం వెంకటి కిరాణా దుకాణానికి వెళ్ళింది.

"చిన్నవ్వా, నిన్న పోలీసులచ్చిండ్రు," అన్నాడు వెంకటి తక్కువ గొంతుతో. "సెల్లులు ఎవరెవరు కొంటరో చెప్పుమన్నరు. పేర్లు రాసుకున్నరు."

"నేనెన్నడు కొన్న సేటూ?"

"గదే చెప్పిన. అందరు కొంటరు సారూ, మా చిన్నవ్వ ఒక్కతే ఊరంత తిరిగి ఏరుకుంటది అన్న." వెంకటి నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. "నీ మంచికే చెప్పిన. నీకు కొనే తాహతు లేదని."

"రాసుకున్నరా?"

"ఏందో గీకిండు."

ఆమె ఇంటికి వచ్చేదాకా ఉప్పు సంగతి గుర్తుకు రాలేదు.

మంచం కింద ముప్పై పైచిలుకు సెల్లులు బారుగా నిలబెట్టి ఉన్నాయి. పక్కన సామేలు ఉంచిపోయిన రాగితీగ చుట్ట, చీల్చిన బొంగులు, ట్యూబు ముక్కలు. ఆ వస్తువులను ఆమె ఎన్నో ఏళ్ళుగా చూస్తోంది. ఇవాళ మొదటిసారి వాటిని గుమ్మంలో నిలబడి, బయటివాళ్ళు చూసినట్టు చూసింది. మందుపాతర పేల్చడానికి కావలసినవీ సెల్లులు, తీగే. ఆమె గడప మీద కూర్చుండిపోయింది.

ఆ రోజంతా ఆమె బీడీ చుట్టలేదు. ఎక్కడ పారేయాలి? చెరువులో వేస్తే ఎవరైనా చూస్తారు. ఇచ్చినవాళ్ళకు తిరిగి ఇస్తే వాళ్ళే అనుమానిస్తారు. మరునాడు తెల్లవారుజామున, ఆడవాళ్ళు బయటికి వెళ్ళే వేళకు ముందు లేచి, ఇంటి వెనక పెంటకుప్ప పక్కన గుంత తీసి, సెల్లులు, తీగ అందులో పెట్టి మన్ను కప్పింది. దాని మీద పేడ పోసింది. చేతులు కడుక్కుంటుంటే భయం కాస్త తగ్గినట్టే అనిపించింది.

పొద్దెక్కాక ముత్యం వచ్చాడు. సామేలు తమ్ముడు, గుడికి పెద్ద.

"వదినె, ఈ ఏడు నక్షత్రం వద్దు."

"నేను గదే అనుకుంటున్న."

"సెల్లులు ఏం జేసినవ్?"

"లేవు."

"లేకుంటె యాడికి పోయినయ్?"

"లేవన్న గదా ముత్యం."

అతను ఆమె గోళ్ళలోని మట్టి వంక చూసి, ఇంకేమీ అడగకుండా వెళ్ళిపోయాడు.

అతను సందు మలుపు తిరిగాక ఆమెకు బక్కయ్య గుర్తుకొచ్చాడు. దసరాకు వచ్చినప్పుడు తానే చెప్పింది: నాయిన తీగ అయిపోవచ్చింది, సిరిసిల్లలో మోటారు దుకాణాలవాళ్ళు కాలిన తీగ పారేస్తే తెమ్మని. పండుగకు రెండు రోజుల ముందు మధ్యాహ్నం బస్సుకు వస్తానన్నాడు. ఇరవై రెండేళ్ళవాడు. ఆ వయసు మగపిల్లలు బస్సు దిగితే చాలు, ఎక్కడి నుంచి వస్తున్నావని అడుగుతున్నారు. వద్దని ఎవరితోనైనా చెప్పిపంపాలి. ఏమని? తీగ తేవద్దని చెప్పమంటే, ఆ మాట మోసేవాడు దాన్ని ఎక్కడ దించుతాడో?

మిగిలిన రోజులు ఆమెది కలత నిద్రే.

బక్కయ్య వచ్చే రోజు అన్నం వండుకోకుండా కొడిమ్యాలకు నడిచింది. దారిలో బడి గేటు. ఇసుక బస్తాల వెనకనున్న కానిస్టేబులు ఆమెను తల నుంచి కాళ్ళ దాకా చూశాడు. ఆమె చూడనట్టు నడిచింది. నడక మరీ వేగంగా ఉందేమోనని నెమ్మదించింది. మరీ నెమ్మదిగా ఉందేమోనని మళ్ళీ తొందరపడింది.

బక్కయ్య నవ్వుతూ బస్సు దిగాడు. భుజాన గోనెసంచి ఉంది.

"ఏందే అవ్వా, గింత దూరం అచ్చినవ్?"

"తీగ తెచ్చినవా?"

"మస్తు తెచ్చిన."

"యాడుంది?"

"పోగుల నడుమ దాచిన. చెక్కింగుల గుంజుకుంటరని. నడుమల బస్సు ఆపిండ్రు గూడ. పోగులు జూసి నవ్వి ఇడిసిపెట్టిండ్రు."

చిన్నవ్వ సంచిని చేత్తో తడిమి చూసింది. తాను దాచింది. వాడూ దాచాడు. పైన పెట్టుకుని వస్తే ఒక మాట చెప్పుకోవచ్చు. దాచినదానికి ఏం చెబుతారు?

ఊరి దారిలోకి మళ్ళాక విషయమంతా చెప్పింది. బక్కయ్య నవ్వు పోయింది. ముందు కల్వర్టు వచ్చింది. "గీ మోరి కింద పడేద్దామా?" అని సంచి దించాడు.

ఆమె వాడి రెక్క పట్టుకుంది. మందుపాతర పేలింది కల్వర్టు కిందే. అలాంటి కల్వర్టు కింద తీగ.

"వద్దు కొడుకా. ఎత్తు. ఎత్తి నడువు."

ఊళ్ళోకి ఉన్నది ఆ ఒక్క దారే. అడవి దారిన పోతే అడవి నుంచి వచ్చినట్టు ఉంటుంది. ఇద్దరూ బడి వైపే నడిచారు.

గేటు దగ్గరి కానిస్టేబులు కర్ర అడ్డం పెట్టాడు. సంచి కింద పోయించాడు. ఎరుపు, పచ్చ, నీలం పోగులు ఇసుకలో కుప్పగా పడ్డాయి. వాటి మధ్య నుంచి రాగితీగ చుట్ట దొర్లింది.

కానిస్టేబులు నవ్వలేదు. ఈల వేశాడు.

బక్కయ్య చొక్కా విప్పించి, చేతులు వెనక్కి కట్టి, బడి వరండాలో కూర్చోబెట్టారు. లోపలి నుంచి ఎస్సై వచ్చాడు. ఈ ప్రాంతం మనిషి కాదు. మాట మెల్లగా ఉంది.

"ఏం తీగ ఇది?"

"నక్షత్రానికి సారూ," అంది చిన్నవ్వ. "క్రిస్మస్ పండుగకు. గుడికి కడతం. నేనే తెమ్మన్న సారూ, పిలగానికి ఏం తెల్వదు."

"పోగుల్లో దాచమని కూడా నువ్వే చెప్పావా?"

ఎస్సై జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఒక కాగితం దగ్గర ఆగాడు.

"సెల్లులు ఏరుకునే చిన్నవ్వ నువ్వేనా?"

"నేనే సారూ."

"ఏవి ఆ సెల్లులు?"

లేవని చెప్పవచ్చు. ముత్యానికి అదే చెప్పింది. అయితే ఊళ్ళో పది ఇళ్ళవాళ్ళు ఇచ్చామని చెబుతారు. అప్పుడు అవి ఎవరికి చేరాయని అడుగుతారు. వరండాలో బక్కయ్య తల వంచుకుని ఉన్నాడు. వాడి వీపు మీద ఎముకలు లెక్కపెట్టేలా కనబడుతున్నాయి.

"పాతిపెట్టిన సారూ," అంది.

ఎస్సై పుస్తకం మూశాడు. చుట్టూ నిలబడ్డ కానిస్టేబుళ్ళలో ఒకడు తుపాకి భుజం నుంచి దించి చేతిలోకి తీసుకున్నాడు.

"ఎందుకు?"

"భయమై."

పోలీసులు ఆమె ఇంటి వెనక పెంటకుప్ప పక్కన తవ్వుతుంటే ఊరు తలుపులు వేసుకుంది. గంపలో వేసి బడికి తెచ్చిన సెల్లుల నుంచి పేడనీళ్ళు కారుతున్నాయి. పైపొర కాగితం ఊడిపోయింది. కొన్నిటి అడుగున తెల్లటి బూజులాంటిది పట్టింది. ఎస్సై ఒకదాన్ని కర్రతో దొర్లించి చూశాడు.

"వీటితో దీపం వెలుగుతుందా?"

"ఎలుగుతది సారూ."

"చేసి చూపించు. ఇక్కడే. వెలిగితే ఇద్దరూ ఇంటికి వెళ్ళండి."

వెలగకపోతే ఏమవుతుందో అతను చెప్పలేదు. పొద్దు పడమటికి దిగడం మొదలైంది.

ఆమె క్యాంపు వంటవాడి దగ్గర ఉప్పు అడిగింది. బడి దడిలోంచి వెదురు బద్దలు తీసుకుంది. ఒక కానిస్టేబులు ఆమె ఇంటికి పోయి మేకు, మైనం, బొంగు, బల్బు, లేబుళ్ళ సంచి, జిగురు ముంత తెచ్చాడు. అతనిది చందుర్తి దిక్కు.

"మా అవ్వ గూడ బీడీలు చేస్తది," అన్నాడు నోట్లో నోట్లో. మళ్ళీ ఎస్సై వైపు చూసి దూరం జరిగాడు.

నీళ్ళు పోసిన సెల్లులను ఎండలో బండ మీద పెట్టింది. రెండు పూటల పనికి రెండు గంటలు కూడా లేవు. అవి ఆరేలోగా బద్దలు కట్టింది. ఐదు మూలల బొమ్మ కట్టడం ఆమెకు కళ్ళు మూసుకున్నా వస్తుంది. ఇవాళ దారం ముడి మూడుసార్లు జారింది. వేళ్ళను కొంగుతో తుడుచుకుని మళ్ళీ కట్టింది. గులాబి లేబుళ్ళు అంటించింది. కానిస్టేబుళ్ళ ఖాళీ సిగరెట్ పెట్టెల్లోంచి వెండి కాగితం తీసి, వెలుతురు బయటికి కొట్టేలా బల్బు వెనక అతికించింది. సెల్లులు ఒక్కొక్కటే నాలుకకు తాకించి, చుర్రుమన్న ఐదింటిని ఏరి బొంగులో పేర్చింది. ట్యూబు బిగించింది. తీగ కొసలు గీకి బల్బుకు ఆనించింది.

వెలగలేదు.

బల్బు తిప్పింది. తీగలు మార్చింది. వెలగలేదు. ఎస్సై గడియారం చూసుకున్నాడు.

వరండా వైపు చూడకూడదనుకుంది. చూసింది. బక్కయ్య కళ్ళు బొంగు మీదే ఉన్నాయి. వాడికి లోపం తెలిసిపోయిందని ఆమెకు అర్థమైంది. తండ్రి పక్కన కూర్చుని నేర్చుకున్నవాడు. వాడు నోరు తెరిస్తే దీపం వెలుగుతుంది. కాని సెల్లులు, తీగలు కలపడం వచ్చిన ఇరవై రెండేళ్ళవాడని ఇక్కడ తెలిస్తే? నోరు తెరవకు కొడుకా, అని లోపల్లోపల మొక్కుకుంది. సప్పుడు జేయకు.

బక్కయ్య మాట్లాడలేదు. కూర్చున్నచోటే మడిమను గచ్చుకేసి రుద్దాడు. ఆగాడు. మళ్ళీ రుద్దాడు. పక్కనున్న కానిస్టేబులు "కుదురుగ కూసో" అని బూటుతో తోశాడు.

ఆమె బొంగు విప్పింది. సెల్లులను తిరగేసింది. అడుగున తెల్లటి తుప్పు. నాలుకకు తాకించేటప్పుడు తీగ కొస ఆ తుప్పును గుచ్చుకుని లోహం దాకా పోయింది. బొంగులో మాత్రం పక్క సెల్లు తల ఆ తుప్పు మీదే ఆగిపోయింది. పెంటలో పాతిపెట్టినందుకే పట్టిన తుప్పు అది. ఒక్కొక్కదాన్ని గచ్చు మీద పెట్టి, లోహం మెరిసేదాకా రుద్దింది. మళ్ళీ పేర్చింది. బిగించింది. తీగ ఆనించింది.

బల్బులో వెంట్రుకంత ఎర్రటి గీత కనబడింది. తర్వాత పచ్చబడింది. గులాబి కాగితం లోపలి నుంచి కోడిగుడ్డు సొనలా వెలిగింది.

ఎస్సై దగ్గరికి వచ్చి నక్షత్రాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"ఎవరు నేర్పారు?"

"నా పెనిమిటి సారూ. సచ్చిపోయిండు."

"బాగుంది," అన్నాడు. నిజంగానే అన్నాడు. బక్కయ్య కట్లు విప్పించాడు. "దీన్ని గేటుకు కట్టండి. మన వాళ్ళకూ పండగే కదా."

"సారూ, గది గుడికి..."

"ఇంకోటి చేసుకో. సెల్లులు మాత్రం ఇక్కడే ఉంటాయి."

ఇంటికి వచ్చాక బక్కయ్య చెంబెడు నీళ్ళు తాగి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆమె వాడి మణికట్టులకు పసుపు, నూనె రాసింది. పొద్దుగూకే వేళకు ముత్యం వచ్చాడు. పిల్లవాణ్ణి చూసి, దేవునికి స్తోత్రం చెప్పి, గడప మీద కూర్చున్నాడు.

"గేటుకు కట్టిండ్రట గదా, వదినె."

"కట్టిండ్రు."

"ఎవరు చేసిచ్చిండ్రని అడుగుతరు."

"ఎవరు?"

ముత్యం అడవి వైపు గడ్డం ఎత్తాడు. చిన్నవ్వకు తెలియక అడగలేదు. పక్క ఊళ్ళో క్యాంపుకు పాలు పోసిన ముసలాయనను అడవిలోని అన్నలు పిలిపించారు. మరునాడు తిరిగి వచ్చాడు గాని, ఏం జరిగిందో ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు. అరికాళ్ళు కనబడతాయని ఎవరి ఇంట్లోనూ కాళ్ళు చాపి కూర్చోడు.

"కొట్టి చేపిచ్చిండ్రని చెప్పు," అన్నాడు ముత్యం.

"కొట్టలేదు గదా."

"బాగుందన్నడట సారు. ఊరంత అనుకుంటున్నరు."

పండుగకు ఆమె ఇంకో నక్షత్రం కట్టి గుడి ముందు వేలాడదీసింది. దానిలో దీపం లేదు. ఎందుకు లేదని ఎవరూ అడగలేదు. లేబుళ్ళ గొలుసులు, పోగుల కుచ్చులు ఎప్పటిలాగే ఉన్నాయి. పాటలు తొందరగా పాడి, చీకటి పడకముందే ముగించారు. గుడి గుమ్మంలోంచి చూస్తే బడి గేటు కనిపిస్తుంది. అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థిస్తుంటే చిన్నవ్వ కళ్ళు తెరిచి అటు చూసింది. గేటు మీది నక్షత్రం వెలుగుతూనే ఉంది. రోడ్డు మీద నుంచి, పొలాల నుంచి, అడవి అంచు నుంచి ఎవరికైనా కనబడేలా.

ఇన్నేళ్ళూ కొత్త సంవత్సరం దాకా వెలగాలని సెల్లులకు ఉప్పునీళ్ళు పోసింది. ఇప్పుడు అది ఆరిపోవాలని ప్రార్థించింది. ఐదు సెల్లులు. ఇంకో రెండు సాయంత్రాల కంటే రావు.

పండుగ మరునాటి సాయంత్రం నక్షత్రం ఎర్రబారింది. ఆ మరుసటి సాయంత్రం వెలగలేదు. మరునాడు మధ్యాహ్నం బక్కయ్య బస్సు. సంచి సర్దుతుంటే చందుర్తి దిక్కు కానిస్టేబులు గుమ్మం ముందు నిలబడ్డాడు.

"అవ్వా, సారు రమ్మంటుండు. సుక్క ఆరిపోయింది. మల్ల ఉప్పునీళ్ళు పొయ్యాల్నట."

ఆమె కొడుకు వైపు తిరిగింది. "నువ్వు బస్సుకు పో. నా కోసం ఆగకు."

"అవ్వా..."

"పో అంటున్న గదా."

బడి వరండాలో సెల్లుల గంప అలాగే ఉంది. ఎస్సై కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. "మా వాళ్ళు అలవాటుపడ్డారు," అన్నాడు. "కొత్త సంవత్సరం దాకా ఉండనీ."

చిన్నవ్వ గంప ముందు కూర్చుంది. ఒక సెల్లు తీసి, అడుగున గీకి, తీగ ఆనించి నాలుకకు తాకించింది. చుర్రుమంది. పులుపు నాలుక మధ్య దాకా పాకింది. ముఖం కదలనివ్వలేదు.

"గిది సచ్చింది సారూ," అని పక్కన పెట్టింది.

ఇంకోటి తీసింది. అది ఇంకా గట్టిగా అంది. "గిది గూడ."

ఎస్సై ఆమెనే చూస్తున్నాడు. ఆమె ఒక్కటీ వదలకుండా గంప అడుగు దాకా అన్నిటినీ తాకించింది. నిజంగా చచ్చినవి నాలుగైదుంటాయి. వాటి దగ్గరా, బతికి ఉన్నవాటి దగ్గరా ఒకే మాట, ఒకే గొంతుతో చెప్పింది. నాలుక మొద్దుబారింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే దగ్గినట్టు చేసి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఒక్కటీ పనికిరాదా?"

"పెంటల నానినయ్ గదా సారూ. ఇంక రావు."

కొడిమ్యాల దిక్కు నుంచి బస్సు హారను దూరంగా వినిపించి, చిన్నదైపోయింది.

"సరే. ఆ బొమ్మ తీసుకుపో," అన్నాడు చివరికి, గ్లాసు కింద పెడుతూ.

కానిస్టేబులు గేటుకున్న ముడి విప్పి ఇచ్చాడు. చిన్నవ్వ నక్షత్రాన్ని కొంగు చాటున పెట్టుకుని, మూలలు విరగకుండా పట్టుకుని నడిచింది. వెంకటి దుకాణంలోంచి ఏదో అడిగాడు. ఆమె తల ఊపి సాగిపోయింది. నాలుక ఇంకా తిరగడం లేదు.

ఇంటికి వచ్చి తలుపు మూసి, గొళ్ళెం పెట్టి, నోరు పుక్కిలించింది. పులుపు పోలేదు.